తొమ్మిది యాభై అయిదు

రోస్టర్ గదిలో పొద్దున్నే మొదట వెలిగేది డ్యూటీ అక్క కంప్యూటరే. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఎవరు ఏ విమానం ఎక్కాలి, ఎక్కడ దిగాలి, దిగాక ఎన్ని గంటలు పడుకోవాలి అన్నది రాసేది ఆమె కాబట్టి పైలట్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరికీ డ్యూటీ అక్కే. యాభై నాలుగేళ్లు నిండాయి. కళ్లజోడు ముక్కు చివరికి జారినా తోసుకోదు, తలే పైకెత్తి చూస్తుంది.

ఆ రోజు కూడా తల పైకెత్తి, తెల్లారి దిగిన విమానాల చీటీలు ముందేసుకుంది. ఒక్కో విమానానికి తెర మీద రెండు గళ్లుంటాయి. మొదటి గడిలో ప్రయాణం ఎంతసేపు పట్టాలో ముందే అచ్చయి ఉంటుంది. రెండో గడిలో నిజంగా ఎంతసేపు పట్టిందో ఆమె కొట్టాలి. సముద్రం అవతలున్న ఆ దూరపు విమానాశ్రయాన్ని ఆఫీసులో అందరూ 'అవతలి గట్టు' అంటారు. ఇక్కణ్ణించి అక్కడికి ఏడువేల తొమ్మిదివందల నలభై కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు వెనకగాలి తోస్తుంది కాబట్టి తొమ్మిది గంటల్లో దించేస్తారు. తిరిగి వచ్చేటప్పుడే తిప్పలు. అయినా తిరుగు విమానం మొదటి గడిలో ఎప్పుడూ ఒకటే అంకె: తొమ్మిది గంటల యాభై అయిదు నిమిషాలు. అయిదేళ్ల కిందట ఈ మార్గం మొదలైనప్పుడు, పైవాళ్లు చెప్పగా ఆ అంకెని కంప్యూటర్లోకి ఎక్కించింది ఆమే.

చీటీ చూసి రెండో గడిలో కొట్టింది: పది గంటల నలభై ఒక్క నిమిషం. కంప్యూటరు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. అయిదేళ్లుగా చెప్పలేదు.

అప్పుడే బల్ల మీద ఫోను మోగింది.

"డ్యూటీ అక్కా, వైద్యం గది నుంచి. మీ మేనకోడల్ని తీసుకొచ్చారు. కంగారేం లేదు, చెయ్యి కాలింది."

కంగారేం లేదన్న మాటకే ఆమెకు కంగారు పుట్టింది. చెప్పుల్లో కాళ్లు సరిగా పెట్టుకోకుండానే మెట్లు దిగింది.

మేనకోడల్ని ఇంట్లో పిచ్చుక అంటారు. డ్యూటీ అక్కకి అన్న కూతురు. విమానంలో ప్రయాణికులకు అన్నీ అందించే ఉద్యోగం. ఆఫీసుకి దగ్గరని మూడేళ్లుగా ఈ మేనత్త ఇంట్లోనే ఉంటోంది. వైద్యం గదిలో ఆమె యూనిఫాం ఎడమ చేతి భాగాన్ని మోచేతి దాకా కత్తిరించేశారు. నర్సు చుట్టిన తెల్లటి గుడ్డ కింద నుంచి పసుపు మందు కారుతోంది. మంచం మీద కూర్చునే ఉంది గాని కళ్లు తెరిచి లేవు.

"ఏమైందే?"

"టీ పోస్తున్నానత్తా." పిచ్చుక కళ్లు తెరవకుండానే చెప్పింది. "ఇంకో రెండు గంటల్లో దిగుతామనగా. పద్దెనిమిదో వరసలో పెద్దాయనకి పోస్తున్నా. కప్పు పట్టుకున్నట్టు గుర్తుంది. తర్వాత ఆయన అరుపే గుర్తుంది. నిలబడే నిద్రపోయాను. నా చేతి మీదా పడింది, ఆయన మోకాలి మీదా పడింది."

"ఆయనకెలా ఉంది?"

"ఎర్రబడిందంతే. కానీ ఫిర్యాదు రాసిచ్చి వెళ్లాడు. రాయడా మరి?"

నర్సు దూది డబ్బా మూత పెడుతూ, "తొమ్మిది రోజుల్లో మూడుసార్లు వెళ్లొచ్చిందట. ఒంట్లో రక్తం కాదు, టీయే ప్రవహిస్తుంటుంది వీళ్లకి," అంది. నవ్వించాలనే అంది. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పిచ్చుకకి మెమో రానే వచ్చింది. ఫోనులోనే పంపారు. డ్యూటీ అక్క భర్త సిటీ బస్సు డ్రైవరు. పగటి డ్యూటీ దిగి వచ్చి, బనీనుతో గుమ్మంలో కూర్చుని, ఆ మెమో పైకి చదివాడు.

"'విధి నిర్వహణలో అజాగ్రత్త వల్ల ప్రయాణికునికి గాయం కలిగించినందున... ప్రయాణ సమయం తొమ్మిది గంటల యాభై అయిదు నిమిషాలు మాత్రమే అయినందునను, నియమానుసారం విశ్రాంతి ఇవ్వబడి యున్నందునను, అలసట అను కారణం పరిగణింపబడదు.' కింద జనరల్ మేనేజరు సంతకం. వచ్చే శుక్రవారం విచారణట." ఫోను పక్కన పెట్టాడు. "అలసట పరిగణింపబడదా? మాకైతే నిద్రొస్తే బండి పక్కకి తీసి మొహం కడుక్కుంటాం. ఆకాశంలో పక్కకెక్కడ తీస్తారమ్మాయ్?"

"తియ్యరు మామయ్యా."

"మరి పది గంటలు దాటితే ఇంకో ఇద్దర్ని ఎక్కిస్తారనీ, వంతులేసుకుని పడుకుంటారనీ మీ అత్త ఎప్పుడో చెప్పినట్టుంది?"

"అది దాటితే కదా. మాది తొమ్మిది యాభై అయిదు." పిచ్చుక ఎడమ చెయ్యి దిండు మీద పెట్టుకుని, కుడిచేత్తో నీళ్ల గ్లాసు అందుకుంది. "దాటితే ఇద్దరు ఎక్కువొస్తారు. ఇంటికొచ్చాక ఒక రోజుకి బదులు రెండు రోజులు ఖాళీ. అయిదు నిమిషాల తేడాతో ఎంత మిగుల్చుకున్నారో చూడు."

"ఇవాళ పది నలభై ఒకటి పట్టింది," అంది డ్యూటీ అక్క. "నేనే కొట్టాను."

"తెలుసు. మొదటి గడి కూడా నువ్వే కదత్తా కొట్టింది. నా డ్యూటీ వేసేదీ నువ్వే."

కోపంగా అనలేదు. నిద్రమత్తులో, ఉన్నమాట అన్నట్టే అంది. అందుకే డ్యూటీ అక్కకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వంటగదిలోకి వెళ్లి, కడిగిన గిన్నెల్నే మళ్లీ కడిగింది.

మర్నాడు ఆమె పని మొదలెట్టకుండా సెక్షన్ ఆఫీసరు గది ముందు నిలబడింది. ఆయనకి ఆఫీసులో 'సర్దుబాటు' అని పేరు. ఏ తగువు తీసుకెళ్లినా సర్దుకుందాం అంటాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరింట్లో చావు వచ్చినా ముందు వచ్చి నిలబడతాడు. కాగితం మాత్రం ముట్టుకోడు.

"కూర్చోండమ్మా. అమ్మాయి చెయ్యి ఎలా ఉంది?"

"చెయ్యి మానుతుందండీ. మెమో మానదు. వచ్చే నెల సీనియర్ల జాబితా వేస్తున్నారు. ఫైల్లో ఇది ఉంటే దాని పేరు కొట్టేస్తారు."

"నేను మాట్లాడతాను. తప్పయిందని రాసిచ్చెయ్యమనండి. సర్దుకుపోతుంది."

"తప్పు దానిది కాదండీ. ఆ తిరుగు విమానం పది గంటలు దాటుతోంది. పోయిన ఏడాది లెక్క తీశాను. మూడువందల పన్నెండు సార్లు దిగితే, రెండువందల అరవై సార్లు దాటింది." చేతిలోని కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన దానివైపు చూడకుండా, దాని మీదకి జరగబోతున్న టీ కప్పుని వెనక్కి లాక్కున్నాడు.

"మీకు చెప్పాలా అమ్మా? రోజుకోలా పట్టే సమయానికి మనమేం చేస్తాం? అచ్చయిన అంకె టైంటేబుల్ సెక్షనుది. వాళ్లనడగండి."

టైంటేబుల్ సెక్షన్ పై అంతస్తులో ఉంది. అక్కడి పెద్దమనిషిని స్కేలు అంటారు. కంప్యూటర్లొచ్చి ఇన్నేళ్లయినా పటం మీద అడ్డంగా స్కేలు పెట్టి చూస్తే గాని ఆయనకి నమ్మకం కుదరదు. ఆమె చెప్పింది విని, గోడ మీద పటానికి స్కేలు ఆనించాడు.

"ఇదిగో ఇక్కడికీ ఇక్కడికీ ఏడువేల తొమ్మిదివందల నలభై. వేగంతో భాగించండి. ఎక్కడం దిగడం కలపండి. తొమ్మిది యాభై అయిదు. దూరం ఏమన్నా పెరిగిందా చెప్పండి?"

"దూరం పెరగలేదండీ. ఎదురుగాలి ఉంది."

"గాలిని టైంటేబుల్లో ఎక్కడ వెయ్యమంటారు?"

"మిగతా మార్గాలన్నిటికీ వేశారు కదండీ. ఆ పక్క మార్గానికి వెళ్లేటప్పుడు ఆరు గంటలు, వచ్చేటప్పుడు ఆరున్నర అని వేశారు. అది గాలి కాదా?"

స్కేలు పటం మీద నుంచి స్కేలు తీశాడు. తుడిచాడు. సొరుగులో పెట్టాడు. సొరుగు మూశాడు. "అది వేరమ్మా," అన్నాడు. "పైనుంచి వచ్చిన అంకె. నా చేతిలో లేదు. భద్రత విభాగం రాస్తే మారుస్తాను," అన్నాడు.

భద్రత విభాగం పక్క భవనంలో. ఎండలో నడిచి వెళ్లేసరికి అక్కడ భోజనాల వేళ. గోడకి ఆనించిన బెంచీ మీద ముప్పావుగంట కూర్చుంది. ఎదురుగా గోడ మీద 'మీ కంట పడిన ప్రమాదాన్ని మాకు చెప్పండి' అని పెద్ద అక్షరాలు. భద్రత మేడమ్ వయసులో చిన్నది, మర్యాద తెలిసిన మనిషి. అంతా శ్రద్ధగా విన్నది. తల కూడా ఊపింది.

"మీరు చెప్పేది సీరియస్ విషయమేనండీ. కానీ నోటిమాట మీద నేనేం చెయ్యలేను. కాగితం రావాలి. కాగితాలు తీసుకునే ఇన్‌వార్డులో ముద్ర పడి వస్తే పది రోజుల్లో మేం జవాబు చెప్పి తీరాలి, అది రూలు."

"ఎవరు పంపాలండీ ఆ కాగితం?"

మేడమ్ తెర మీద వెతికింది. "అసలు సమయాలు ఎవరి దగ్గరుంటాయో వాళ్లు. అంటే... రోస్టర్ సెక్షన్లో సమయాలు నమోదు చేసే ఉద్యోగి."

"అంటే నేనే."

"మీరేనా?" మేడమ్ మొహం విప్పారింది. "అయితే ఇంకేం, సులువే కదండీ!"

డ్యూటీ అక్క లేచింది. పొద్దున్నుంచి మూడు మెట్ల వరసలు ఎక్కి దిగి, చివరికి తన కుర్చీ దగ్గరికే దారి చూపించారు. నవ్వాలో ఏడవాలో తెలియక, వాకిట్లో కుళాయి తిప్పి మొహం మీద నీళ్లు కొట్టుకుంది.

తన కుర్చీలో అప్పటికే ఒక కాగితం ఎదురుచూస్తోంది. విచారణ ఫైలుకి జత చెయ్యాల్సిన ధ్రువీకరణ పత్రం. సర్దుబాటు టైపు చేయించి పెట్టాడు. 'సదరు ఉద్యోగినికి నియమానుసారం విశ్రాంతి ఇవ్వబడినదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.' కింద ఆమె సంతకానికి గీత. ఇలాంటివి నెలనెలా కట్టలకొద్దీ వచ్చేవి. చదవకుండానే, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, సంతకం పెట్టేసేది. కలం తీసుకుంది. ఇవాళ చదివింది. కలం పక్కన పెట్టి, ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి, కొత్త కాగితం తీసింది.

ఆ సాయంత్రం తను రాయబోయే కాగితం సంగతి పిచ్చుకతో చెప్పింది. కట్టు మారుస్తూ చెప్పింది. ఎర్రటి చర్మం మీద అంటుకున్న గుడ్డని నీళ్లతో తడిపి, కొంచెం కొంచెంగా ఊడదీస్తూ.

"వద్దత్తా," అంది పిచ్చుక.

"నొప్పిగా ఉందా?"

"కట్టు కాదు. కాగితం. నువ్వు అది రాస్తే ఆ విమానమే తీసేస్తారు. ఆ విమానం భత్యం మీద బతికేవాళ్లు మాతో పాటు యాభై మంది. వాళ్లు నన్ను బతకనిస్తారా? నేను తప్పు ఒప్పేసుకుంటా. సీనియర్ అవకపోతే కొంప మునగదు."

"నిన్న నువ్వే అన్నావు కదే, మొదటి గడి నేనే కొట్టానని."

"నిద్రలో ఏదో అన్నాను. దాన్ని పట్టుకుని వేలాడతావా?" పిచ్చుక గొంతు పెరిగింది. "అయిదేళ్లు సంతకాలు పెట్టావు. ఇప్పుడు రాస్తే ఆ అయిదేళ్లూ నీ మెడకి చుట్టుకుంటాయి. ఎందుకత్తా? నా చెయ్యి కాలిందనా? నా ముందు ఎంతమంది నిలబడి నిద్రపోయారో నీకు తెలీదా?"

డ్యూటీ అక్క చేతిలోని గుడ్డ ఆగింది. తెలుసు. ఒకమ్మాయి తలుపుకి తల కొట్టుకుని మూడు కుట్లు వేయించుకుంది. ఒకబ్బాయి దిగాక బస్సులోనే ఒళ్లు తెలియకుండా పడుకుంటే డిపో దాకా తీసుకెళ్లిపోయారు, దాన్ని ఆఫీసంతా నెల రోజులు చెప్పుకుని నవ్వింది. తనూ నవ్వింది. ఆ ఇద్దరి డ్యూటీలూ తనే వేసింది. తన ఇంటి పిల్ల చెయ్యి కాలేదాకా తనకి అది నవ్వుకునే సంగతే.

"తెలుసు," అంది. "అదే చెడ్డగా ఉంది." కొత్త గుడ్డ చుట్టి, చివర చిన్న ముడి వేసి లేచింది.

పిచ్చుక ఆ తర్వాత మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ మామయ్య చేత కబురు పంపేది. "మందు సీసా ఎక్కడ పెట్టారో అడుగు మామయ్యా" అని పక్కగది నుంచి వినిపించేది. "వినబడిందటే, నేను చెప్పక్కర్లేదు కదా" అనేవాడాయన విసుగ్గా.

డ్యూటీ అక్క రాసిన పత్రం నాలుగు వాక్యాలే. బయలుదేరిన సమయం, దిగిన సమయం, పట్టిన సమయం పది గంటల నలభై ఒక్క నిమిషం. ఆ లెక్కన నియమానుసారం ఇవ్వాల్సిన విశ్రాంతి ఇవ్వలేదు. వెనక ఏడాది సమయాలన్నీ జత చేసింది. సర్దుబాటు దాన్ని మొదటిసారి 'సవరణ కోసం' తిప్పి పంపాడు. రెండోసారి ఎర్రసిరాతో అడ్డగీత గీసి పంపాడు. మూడోసారి తనే లేచి వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ఇన్నేళ్లు కలిసి పనిచేశాం. నన్ను ఇరకాటంలో పెడతారా?"

"మీ పేరు ఎక్కడా రాయలేదండీ."

"రాయక్కర్లేదు. ఈ అంకె వెయ్యమని ఆ రోజు మీకు ఎవరు చెప్పారో అడిగితే ఏం చెప్తారు?"

"అడగనివ్వండి, చూద్దాం. ఇంతవరకూ నన్నెవరూ ఏదీ అడగలేదు." ఆమె కలం తీసి ఆయన ముందుకి చాపింది. "మీరు తప్పని రాయండి, నేను మార్చేస్తాను. 'పది నలభై ఒకటి తప్పు, తొమ్మిది యాభై అయిదే నిజం' అని ఒక్క ముక్క రాసి మీ సంతకం పెట్టండి."

సర్దుబాటు కాగితం వంక చూశాడు, ఆమె చేతిలోని కలం వంక చూశాడు. "మీ ఇష్టమమ్మా," అని వెళ్లిపోయాడు.

ఆమె తనే ఇన్‌వార్డు కిటికీ దగ్గరికి వెళ్లి, విచారణ ఫైలుకి ఒకటి, భద్రత విభాగానికి ఒకటి ఇచ్చింది. ముద్ర వేసే ఆయన అలవాటుగా రెండు దెబ్బలు కొట్టాడు. అంతే. మూడు భవనాలు తిరిగినా జరగని పని అర నిమిషంలో అయిపోయింది. ఇంటికి వెళ్తూ ఆమెకి సంతోషం కలగలేదు. అయిదేళ్లలో ఎప్పుడైనా వేయించగలిగిన ముద్ర అది.

బుధవారం పొద్దున కంప్యూటరు తెరిచేసరికి తిరుగు విమానం మొదటి గడి మారిపోయి ఉంది: పది గంటల ముప్పై నిమిషాలు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. స్కేలు మెట్ల మీద ఎదురై, పలకరించకుండా గోడవైపు తిరిగాడు. విమానం తీసెయ్యలేదు, సిబ్బంది లెక్కలో ఇద్దరు పెరిగి ఉన్నారు. ఆ రోజు కొత్త డ్యూటీలు వేసింది. ఒక్కో పేరు పక్కన రెండు రోజుల ఖాళీ పెడుతుంటే చేతులు చురుగ్గా ఆడాయి.

కానీ పిచ్చుక మెమో అలాగే ఉంది. ఫోను చేసి అడిగితే, సంఘటన జరిగిన రోజున అచ్చులో ఉన్న సమయం తొమ్మిది యాభై అయిదే కాబట్టి మెమో చెల్లుతుందన్నారు. డ్యూటీ అక్క రిసీవరు పెట్టేసింది. గోడకి చెప్పుకున్నా ఇంతకన్న మేలు అనిపించింది.

గురువారం మధ్యాహ్నం ఆమె పేరు మీదే ఒక కవరు వచ్చింది. చించింది. ఒకసారి చదివింది. కళ్లజోడు పైకి తోసుకుని రెండోసారి చదివింది.

'సదరు మార్గమున తిరుగు ప్రయాణానికి వాస్తవముగా పది గంటలకు మించి పట్టుచున్నదని తెలిసియుండియు, అయిదు సంవత్సరములుగా ఉద్యోగులకు నియమానుసారం విశ్రాంతి ఇవ్వబడినదని తప్పుడు ధ్రువీకరణ పత్రములు జారీ చేసినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో...' కింద జనరల్ మేనేజరు సంతకం. విచారణ శుక్రవారం, పిచ్చుక విచారణ అయిన వెంటనే.

పక్క బల్ల ఆవిడ లేచి వచ్చింది. "ఏంటక్కా? ఏమన్నా చెడ్డ వార్తా?"

"జెరాక్స్ మిషన్లో కాగితం ఉందా?" అంది డ్యూటీ అక్క.

ఆ సాయంత్రం పిచ్చుక గది తలుపు కొట్టకుండానే తోసి, నకలు మంచం మీద పెట్టింది. "రేపు నీ జవాబుకి ఇది జత చెయ్యి."

పిచ్చుక చదివింది. "ఇది నీ మీద కదత్తా. నేను చెప్పానా లేదా? చుట్టుకుందా లేదా?"

"నా సంగతి తర్వాత. మొదటి వాక్యం చదువు. గట్టిగా చదువు."

పిచ్చుక చదివింది. 'వాస్తవముగా పది గంటలకు మించి పట్టుచున్నదని' దగ్గర ఆగింది. మళ్లీ మొదలెట్టింది. సంతకం చూసింది. తన ఫోను తీసి, తన మెమో కింది సంతకం చూసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టింది.

"ఒకే మనిషి," అంది.

"ఒకే మనిషి. నిన్ను తప్పు పట్టాలంటే తొమ్మిది యాభై అయిదు నిజమవ్వాలి. నన్ను తప్పు పట్టాలంటే అబద్ధమవ్వాలి. ఇద్దరినీ ఒకే రోజు ఎలా తప్పు పడతారో చూద్దాం."

"అయితే నీ మీద ఆరోపణ అబద్ధమని నువ్వూ అనొచ్చు కదా. మొదటి గడి చూసే సంతకం పెట్టానని చెప్పు. తప్పించుకుంటావు."

"అప్పుడు తొమ్మిది యాభై అయిదే నిజమై నువ్వు దొరికిపోతావే పిచ్చిదానా."

పిచ్చుక కట్టు ఉన్న చేతిని జాగ్రత్తగా జరిపి, మంచం మీద అత్తకి చోటిచ్చింది.

శుక్రవారం విచారణ గదిలో ఏసీ పని చెయ్యడం లేదు. విచారణ అధికారి బయటి నుంచి వచ్చిన మనిషి, పెద్ద వయసు, ఓపిక తక్కువ. పిచ్చుక జవాబు తిప్పుతూ తిప్పుతూ, జత చేసిన నకలు దగ్గర ఆగాడు. రెండు కాగితాలూ ఎత్తి వెలుతురులో చూశాడు. ఒక మూల కూర్చున్న సర్దుబాటు వైపు తిరిగాడు.

"ఇందులో ఏది నిజమండీ?"

"అది... రెండూ సందర్భాన్ని బట్టి..."

"సమయానికి సందర్భమేమిటి? విమానం ఎన్ని గంటలు ఎగిరింది?"

సర్దుబాటు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అధికారి ఇంకో పది నిమిషాలు ఏవేవో అడిగి, చివరికి పిచ్చుక ఫైలు మీద రెండు వాక్యాలు రాసి, "మెమో నిలబడదు. వెళ్లమ్మా. చెయ్యి చూపించుకో," అన్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు: "తర్వాతిది ఎవరిది?"

"నాదేనండీ," అంటూ డ్యూటీ అక్క లేచింది.

పిచ్చుక గుమ్మం దాకా వెళ్లి, బయటికి పోకుండా గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె ఖాళీ చేసిన కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. డ్యూటీ అక్క అందులో సర్దుకుని కూర్చుంది.

"ఈ ఆరోపణకి మీ జవాబు?"

"నిజమేనండీ."

అధికారి ఇప్పుడు తల ఎత్తాడు. అలాంటి జవాబు ఆయన ఆ రోజుకి ఊహించినట్టు లేదు. "అన్నీనా?"

"అన్నీ. అయిదేళ్లు. ప్రతి నెలా. చదవకుండా పెట్టాను చాలాసార్లు. చదివీ పెట్టాను."

"మరి ఆ తొమ్మిది యాభై అయిదు వెయ్యమన్నదెవరు?"

మూలన కుర్చీ కిర్రుమంది. డ్యూటీ అక్క అటు చూడలేదు. అధికారి చేతిలో మూత పెట్టి ఉన్న కలం వైపు చూసింది.

"చెప్తే రాసుకుంటారా అండీ?" అని అడిగింది.

ఆయన ఒక్క క్షణం ఆమెనే చూసి, కలం మూత తీశాడు.

"రాసుకుంటాను. చెప్పండి."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది.